కింది నుంచి డాబా దాకా డేటా పైపు: కొత్త ఇంట్లో నెట్, టీవీ, కెమెరా వైర్లకు దారి ఎలా వదలాలి

గృహప్రవేశం అయ్యాక నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ముందుగా అడిగే మాట, "వైరు ఎక్కడి నుంచి దించాలి సార్?" అని. అప్పుడు వెతికితే దారి ఉండదు. డాబా మీద నుంచి గోడకు బయటగా వైరు దించి, కిటికీ ఫ్రేముకు రంధ్రం పెట్టి లోపలికి తెస్తారు. మా ఇంట్లో ఇదే జరిగింది. ఎలక్ట్రీషియన్ కింది నుంచి పైకి ఒక పైపు వేశాడు గానీ, స్లాబ్ పోసిన రోజు దాని జాయింటులోకి సిమెంటు పాలు దిగి గట్టిపడిపోయాయి. ఆ సంగతి రంగులు వేశాక, వైరు లాగబోతే గానీ తెలియలేదు. బయట వేలాడదీసిన కేబుల్ తొడుగు రెండు ఎండాకాలాలకే పగిలింది. తర్వాత మా తమ్ముడి ఇల్లు కట్టేటప్పుడు ఈ ఒక్క పని నేనే దగ్గరుండి చూసుకున్నాను. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఆపైన మెట్ల గది, డాబా. మన ఊళ్లలో ఎక్కువగా కట్టే జీ ప్లస్ వన్ ఇల్లే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

వైఫై ఉండగా వైర్లెందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కాంక్రీటు స్లాబు, అందులోని ఇనుము సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. కింద హాల్లో రౌటర్ ఉంటే పై బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ తెగుతూ ఉంటుంది. పైన ఇంకో వైఫై పెట్టె పెట్టి, దానికి కింది నుంచి కేబుల్ ఇస్తే ఆ బాధ ఉండదు. ఆ కేబుల్ కొన్నేళ్లకు మార్చుకోవచ్చు. గోడలోని పైపు మాత్రం ఇల్లు ఉన్నంత కాలం ఉంటుంది. అందుకే నా శ్రద్ధంతా పైపు మీదే.

ఏ వైర్లు, ఎన్ని

మనం మాట్లాడుతున్నవి కరెంటు వైర్లు కావు. నెట్, డిష్, కెమెరా, వీడియో డోర్‌ఫోన్, ట్యాంకులో నీటి మట్టం చెప్పే సెన్సర్ వైర్లు. వాడుకలో వీటిని తక్కువ వోల్టేజీ వైర్లు అంటున్నాం గానీ, సాంకేతిక పరిభాషలో ఇంటి 230 వోల్టులు కూడా 'లో వోల్టేజీ' కిందికే వస్తాయి. 50 వోల్టుల లోపు ఏసీని 'ఎక్స్‌ట్రా లో వోల్టేజీ' అంటారు. కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు 'డేటా పైపు', 'కరెంటు పైపు' అని విడదీసి చెప్పండి. పొరపాటు జరగదు.

ఒక కాగితం మీద ఇంటిని నిలువుగా గీసి, ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో రాయండి. తమ్ముడి ఇంటి లెక్క ఇలా వచ్చింది. డాబా మీది డిష్ నుంచి రెండు వాటాలకు రెండు ఆర్‌జీ 6 కేబుళ్లు (డిష్ టీవీకి వాడే గుండ్రటి కేబుల్). రౌటర్ దగ్గర నుంచి పై వాటాకు రెండు క్యాట్ 6 కేబుళ్లు (నెట్‌కు, కెమెరాలకు వాడే ఎనిమిది తీగల కేబుల్). ఒకటి చాలు అనిపిస్తుంది, కానీ ఒకటి చెడితే మళ్లీ లాగే శ్రమ ఉండకూడదని రెండు. డాబా మీది రెండు కెమెరాలకు రెండు క్యాట్ 6. ఓవర్‌హెడ్ ట్యాంకు సెన్సర్ వైరు ఒకటి. ఇక నెట్ ఫైబర్. మన ఊళ్లలో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగానే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు కూడా కరెంటు స్తంభాల మీదుగా వేసినవే. అంటే ఫైబర్ ముందు మీ డాబాకో పై వాటా పిట్టగోడకో చేరుతుంది, రౌటర్ కింద ఉంటుంది. నిలువు దారి అవసరం అక్కడే మొదలవుతుంది.

పైపు సైజు

క్యాట్ 6 కేబుల్ మందం సుమారు 6 ఎంఎం, ఆర్‌జీ 6 సుమారు 7 ఎంఎం. పైపులో మూడు, అంతకంటే ఎక్కువ కేబుళ్లు వేసేటప్పుడు లోపలి ఖాళీలో 40 శాతానికి మించి నింపకూడదు. 25 ఎంఎం పైపు అంటే అది బయటి కొలత, లోపల సుమారు 21 ఎంఎం ఉంటుంది. అందులో నాలుగు క్యాట్ 6 కేబుళ్లు హాయిగా పోతాయి. ఐదోది, ఆరోది కూడా దూర్చవచ్చు గానీ లాగేటప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకుని తొడుగులు చెడతాయి. 32 ఎంఎం పైపులో ఎనిమిది దాకా పడతాయి. 20 ఎంఎం పైపు ఈ పనికి వద్దు. "అన్నీ అందులోనే పట్టిస్తాను సార్" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నా సలహా: ఒక లావు పైపు కంటే 25 ఎంఎం పైపులు మూడు పక్కపక్కన వేయించండి. మొదటిది క్యాట్ 6 కేబుళ్లకు, రెండోది డిష్, సెన్సర్ వైర్లకు, మూడోది ఖాళీగా. ఫైబర్ ఆ ఖాళీ పైపులో ఒంటరిగా పోతుంది, రేపు ఇంకేదైనా వస్తే దానికీ అదే దారి. ఇల్లు మొత్తం ఖర్చులో ఈ అదనపు పైపు లెక్కలోకి రాదు. కొనేటప్పుడు ఐఎస్ 9537 (వైర్ల పైపులకు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నది, మీడియం లేదా హెవీ రకం అడగండి. లైట్ రకం పైపు స్లాబు మీద కూలీలు నడిచినప్పుడే నొక్కుకుపోతుంది.

చోటు ఎక్కడ

మెట్ల గదిని ఆనుకున్న గోడ అన్నిటికంటే మంచిది. కింది నుంచి డాబా దాకా అది ఒకే వరుసలో లేస్తుంది. పైకి వెళ్లాక మెట్ల గది గోడలోంచే పక్కకు బయటికి రావచ్చు, డాబా స్లాబుకు చిల్లు అక్కర్లేదు. డాబా స్లాబుకు పెట్టే ప్రతి చిల్లూ వానాకాలంలో చెమ్మకు దారి.

బాత్రూమ్ గోడ వద్దు, నీళ్ల పైపుల గోడ వద్దు. మీటరు, మెయిన్ బోర్డు చాలా ఇళ్లలో వాస్తు ప్రకారం ఆగ్నేయంలో పెడతారు, కరెంటు మెయిన్ పైపులు అక్కడి నుంచే పైకి లేస్తాయి. డేటా పైపు ఆ మూలకు దూరంగా ఉంటే మేలు. అదే గోడలో వేయక తప్పకపోతే రెంటి మధ్య ఒక అడుగు ఎడం ఉంచండి. ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, నేరుగా దాటించండి. పక్కపక్కనే పొడవునా నడవకూడదు. ఇక కరెంటు వైరు, డేటా వైరు ఒకే పైపులో వేయడం అనేది ఏ పరిస్థితిలోనూ వద్దు. కరెంటు వైరు తొడుగు చెడిందంటే 230 వోల్టులు మీ రౌటర్‌కు, కెమెరాకు, వాటిని ముట్టుకున్న చేతికి వస్తాయి.

పిల్లర్‌లో పైపు పెట్టనివ్వకండి. పిల్లర్‌కు గాడి కూడా కొట్టనివ్వకండి. అది ఇంటి బరువు మోసే భాగం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది స్లాబ్ రోజు దాకా దాన్ని గమనించరు. పిల్లర్ల మీద కట్టే ఇళ్లలో గోడల పైన బీములుంటాయి. గోడలో నేరుగా పైకి వెళ్లే పైపు బీమును చీల్చుకుని పోవాలి. ఇందుకు రెండు దారులు. మొదటిది, బీము పక్కనే, దాని లోపలి అంచును ఆనుకుని స్లాబులోంచి పైపు తీసి, కింద గది మూలలో చిన్న పెట్టెలా కట్టి మూసేయడం. మెట్ల గది మూలలో ఇది కంటికి అడ్డు రాదు. రెండోది, బీము వెడల్పులో నడిమధ్యన, రెండు రింగుల (బీము చువ్వల చుట్టూ కట్టే ఇనుప చట్రాలు) మధ్య నిలువుగా పైపు దింపడం. ఈ రెండోది మీ ఇంజినీరు చూసి సరేనంటేనే చేయండి. మూడు పైపులు ఒకేచోట గుత్తిగా దింపకూడదు, పిల్లర్ దగ్గర అసలు దింపకూడదు. మేము మొదటి దారే పట్టాం.

స్లాబ్ రోజు

ఈ మొత్తం పనిలో తప్పు జరిగితే దిద్దుకోలేనిది ఈ ఒక్క రోజే. సెంట్రింగ్ అయ్యి, ఇనుము కట్టడం పూర్తయ్యాక, కాంక్రీటు పడకముందు పైపు ముక్కలు నిలబెట్టాలి. ముందు రోజు సాయంత్రమే పెట్టించండి. పొద్దున్నే మిక్సరు తిరగడం మొదలయ్యాక ఎవరూ మీ మాట వినే తీరికలో ఉండరు.

పైపు నిలబెట్టే చోటు నుంచి కిందికి తూకం గుండు వదిలి, కింది గోడలో పైపు వచ్చే గీతకు సరిగ్గా పైన ఉందో లేదో చూడండి. రెండంగుళాలు పక్కకు పోయినా తర్వాత వంకర బెండు పెట్టాల్సి వస్తుంది. సెంట్రింగ్ ప్లైకి రంధ్రం వేసి పైపును ఒక అరడుగు కిందికి దింపండి. పైన స్లాబు మట్టం కంటే అడుగు పైకి ఉండాలి. పక్కనున్న ఇనుప చువ్వలకు బైండింగ్ వైరుతో రెండు చోట్ల కట్టించండి.

స్లాబు లోపల జాయింటు లేకుండా ఒకే ముక్క వేయండి. జాయింటు తప్పకపోతే కప్లర్‌కు (రెండు పైపులను కలిపే ముక్క) సొల్యూషన్ (పైపు జిగురు) పూసి, లోపలికి పూర్తిగా దిగేదాకా తిప్పి నొక్కండి. మా ఇంట్లో సొల్యూషన్ పూయకుండా ఊరికే తొడిగిన జాయింటు గుండానే సిమెంటు పాలు దిగాయి. పైపు రెండు మూతులకు ఎండ్ క్యాప్ పెట్టి టేపు చుట్టండి. సిమెంటు సంచి కాగితం కుక్కితే సరిపోదు, తడిసి జారిపోతుంది.

కాంక్రీటు పోస్తుంటే అక్కడే నిలబడండి. వైబ్రేటర్ సూది పైపుకు తగిలితే పైపు పగలవచ్చు, పక్కకు ఒరగవచ్చు. "మేస్త్రీ గారూ, ఇక్కడ కాస్త చూసుకుని పెట్టించండి" అని ముందే ఒక మాట చెబితే వాళ్లూ జాగ్రత్త పడతారు. పోయడం అయిన వెంటనే పైపు నిటారుగా ఉందో లేదో చూసి, ఒరిగి ఉంటే పచ్చిగా ఉండగానే సరిచేయించండి. మర్నాడు క్యాప్ తీసి లోపలికి టార్చి కొట్టండి. కింద సెంట్రింగ్ ఉన్నా సరే, ఒక సన్న కడ్డీ దింపి అడుగు దాకా అందుతుందో లేదో చూడండి. ఏమైనా దిగి ఉంటే ఆ రోజే పొడిచి తీయవచ్చు. వారం ఆగితే అది రాయి.

గోడలో గాడి

గోడలు లేచాక, ప్లాస్టరింగ్‌కు ముందు గాడి కొట్టాలి. తూకం పట్టి సుద్దతో రెండు గీతలు గీసి, కటింగ్ మిషన్‌తో ఆ గీతల మీద కోసి, మధ్యలోది ఉలితో తీయించండి. నేరుగా సుత్తితో కొడితే ఇటుకలు కదులుతాయి. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడకు మూడంగుళాలు, కాబట్టి ఇబ్బంది లేదు. నాలుగున్నర అంగుళాల గోడకు ఒకటిన్నర అంగుళమే. అందులో 25 ఎంఎం పైపు పట్టి పైన ప్లాస్టర్‌కు చోటు మిగులుతుంది, 32 ఎంఎం అయితే చాలా ఇరుకు. మూడు పైపులు పక్కపక్కన పెట్టడానికి తొమ్మిదంగుళాల గోడనే ఎంచుకోండి.

ప్రతి అంతస్తులో ఒక బాక్స్ ఉండాలి, కింది పైపులు అందులోకి వచ్చి ఆగాలి, పై పైపులు అందులోంచే మొదలవ్వాలి. ఇది కేబుల్ లాగడానికీ, ఆ అంతస్తు గదులకు పక్కదారి ఇవ్వడానికీ పనికొస్తుంది. ఆరు అంగుళాల చదరం కంటే చిన్నది వద్దు. కింది వాటాలో రౌటర్, కెమెరా రికార్డర్ పెట్టే చోట ఇంకా పెద్దది పెట్టి, పక్కనే రెండు కరెంటు ప్లగ్ పాయింట్లు ఇవ్వండి. ఆ పాయింట్లు ఇన్వర్టర్ లైను మీద ఉంటే కరెంటు పోయినా నెట్, కెమెరాలు నడుస్తాయి.

ఒక బాక్స్ నుంచి ఇంకో బాక్స్ దాకా పూర్తి (90 డిగ్రీల) మలుపులు రెండు మించకూడదు. రెడీమేడ్ ఎల్బో వద్దు, దాని మలుపు మరీ ఇరుకు. పైపులోకి బెండింగ్ స్ప్రింగ్ దూర్చి, మోకాలికి ఆనించి మెల్లగా వంచితే గుండ్రని మలుపు వస్తుంది. కొందరు మంట మీద కాల్చి వంచుతారు. అలా చేస్తే లోపలివైపు నొక్కుకుని సగం దారి మూసుకుపోతుంది. పైపు కోసిన ప్రతి అంచునూ లోపలి నుంచి బ్లేడుతో గీకి నునుపు చేయించండి. కేబుల్ తొడుగును కోసేది ఆ అంచే.

పైపులు గాడిలో బిగించాక, మూసేముందు ప్రతి పైపులోకి నైలాన్ తాడు దింపండి. పైనుంచి చిన్న నట్టు కట్టి వదిలితే దానంతట అదే కిందికి వస్తుంది. తాడు చివర పైపుకంటే కాస్త సన్నగా బట్ట ఉండ కట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసకు లాగి చూడండి. ఉండ ఎక్కడా ఆగకుండా వస్తే దారి బాగున్నట్టు. అడ్డం పడితే గోడ ఇంకా తెరిచే ఉంది, అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. తర్వాత తాడును రెండు చివర్లా చిన్న పుల్లకు కట్టి, మూతులు క్యాపులతో మూసి, గాడి మీద చికెన్ మెష్ కొట్టి ప్లాస్టర్ చేయించండి. మెష్ లేకపోతే కొన్నాళ్లకు పైపు పొడవునా సన్న బీట కనిపిస్తుంది. క్యాపులు మాత్రం మరిచిపోకండి. క్యూరింగ్ నీళ్లు, ప్లాస్టర్ మాలు, బల్లులు, మట్టిగూడు కట్టే కందిరీగలు, అన్నీ తెరిచిన మూతి కోసమే చూస్తుంటాయి.

కేబుల్ లాగే రోజు

మొదటి కోటు రంగు అయ్యాక, చివరి కోటుకు ముందు ఈ పని పెట్టుకోండి. కేబుల్ కొనేటప్పుడు అసలైన రాగిదేనా అని చూడండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా దొరుకుతాయి. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అవి త్వరగా విరుగుతాయి, కెమెరాకు అదే కేబుల్ మీద కరెంటు పంపే పీఓఈ పద్ధతిలో వేడెక్కుతాయి. డాబా మీదికి వెళ్లే వాటికి ఎండను తట్టుకునే నల్ల తొడుగు రకం తీసుకోండి. క్యాట్ 6 పెట్టెలో 305 మీటర్లుంటాయి. ఒక్కో లైను 100 మీటర్ల లోపు ఉండాలి, మన ఇళ్లలో అంత దూరం రాదు.

ఎప్పుడూ పైనుంచి కిందికి లాగండి. కేబుల్ బరువు మనకు సాయం చేస్తుంది. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పైన కేబుల్ వదిలేవారు, ఒకరు కింద తాడు లాగేవారు. ఒకరి మాట ఒకరికి వినపడకపోతే ఫోను స్పీకర్ మీద పెట్టుకోండి.

ఒక పైపులో వెళ్లాల్సిన కేబుళ్లన్నీ ఒకేసారి పోవాలి. ముందు ప్రతి కేబుల్ రెండు కొసల మీదా నంబరు రాసిన టేపు అంటించండి. ఇది లాగాక చేద్దామనుకుంటే ఏది ఏదో తెలియదు. కేబుల్ కొసలను ఒకదాని కింద ఒకటి రెండేసి అంగుళాల తేడాతో పేర్చి తాడుకు కట్టి, పైన టేపును ముల్లంగి కొసలా సన్నబడేలా చుట్టండి. వాటితో పాటే ఒక కొత్త తాడు కూడా కట్టండి, రేపటి అవసరానికి అది పైపులో ఉండిపోతుంది. పైపు మూతి దగ్గర కాస్త టాల్కం పౌడర్ చల్లితే చాలు. నూనె, సబ్బు నీళ్లు వద్దు.

లాగేటప్పుడు కుదుపులు ఉండకూడదు. క్యాట్ 6 కేబుల్ తట్టుకునే లాగుడు బలం 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోల బరువు. నిండు బిందె ఎత్తే బలం అనుకోండి. అంతకు మించి లాగితే లోపల జంటలుగా మెలిపెట్టిన తీగల మెలి సాగిపోతుంది. పైకి ఏమీ కనిపించదు, స్పీడు మాత్రం పడిపోతుంది. ఎక్కడైనా ఆగితే బలం పెట్టకండి. పై మనిషిని ఒక అడుగు వెనక్కి లాగమనండి, కాస్త తిప్పి మళ్లీ వదలమనండి. కేబుల్ పెట్టెలోంచి మడతలు పడకుండా వస్తోందా అని పై మనిషి చూస్తూనే ఉండాలి. ఒకసారి మడత పడి నలిగిన చోటును సాగదీసినా అది బాగుపడదు.

అంతస్తు బాక్సులో అడుగు, రౌటర్ బాక్సులో మీటరున్నర మిగులు ఉంచండి. ప్రతి బాక్సులోనూ కేబుళ్లను మెత్తటి వెల్క్రో పట్టీతో గోడకు పట్టించండి. మొత్తం బరువు కింది కనెక్టర్ మీదో, పై మలుపు మీదో వేలాడకూడదు. ప్లాస్టిక్ టై వాడితే వేలు దూరేంత వదులుగా కట్టండి. ఫైబర్‌ను మాత్రం మీరు లాగకండి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు వచ్చినప్పుడు ఖాళీ పైపును, అందులోని తాడును చూపిస్తే చాలు.

డాబా మీద

మెట్ల గది గోడలోంచి బయటికి వచ్చే పైపు మూతి కిందికి చూడాలి. చేతికర్ర పిడిలా వంచిన బెండు పెట్టండి. కేబుల్ కూడా మూతిలోకి దూరేముందు కొంచెం కిందికి వేలాడి పైకి లేవాలి. అప్పుడు వాన నీళ్లు కేబుల్ వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మూతిని పుట్టీతో గానీ స్పాంజితో గానీ మూయండి, సిలికాన్ నింపితే రేపు ఇంకో వైరు వేయలేరు. స్లాబులో పైపు చుట్టూ ఖాళీ మిగిలి ఉంటే అంతస్తుకు అంతస్తుకు మధ్య సిమెంటుతో పూడ్చేయండి. నిప్పు, పొగ పైకి ఎక్కే దారి మిగలకూడదు.

పిడుగులు ఎక్కువ పడే చోట్ల డాబా కెమెరాల లైన్లకు రికార్డర్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని భూమిలోకి పంపే పరికరం) పెట్టించండి. దానికి ఎర్తింగ్ తప్పనిసరి, ఎర్తింగ్ లేకపోతే అది ఉన్నా లేనట్టే.

చివరి కోటుకు ముందు పరీక్ష

రెండు కొసలకూ ఒకే రంగుల వరుసలో కనెక్టర్లు వేయండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ల్యాన్ టెస్టర్ (కేబుల్‌లోని తీగలను పరీక్షించే చిన్న పరికరం) పెడితే ఎనిమిది దీపాలూ వరుసగా వెలగాలి. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి లింకు స్పీడు 1000 ఎంబీపీఎస్ చూపిస్తోందా అని చూడండి. 100 చూపిస్తే ముందు కనెక్టర్ కోసి మళ్లీ వేయండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. అయినా మారకపోతే కేబుల్ నలిగినట్టు. తాడు ఉంది కాబట్టి గంటలో మార్చేయవచ్చు.

గాడి మూయకముందు తీసిన ఫోటోలు, నంబర్ల జాబితా ప్రింటు తీసి, కింది బాక్స్ మూత లోపలివైపు అంటించండి. పైపులు నేల నుంచి, మూల నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉన్నాయో ఆ ఫోటో మీదే పెన్నుతో రాయండి. రేపు ఆ గోడకు ఎవరైనా మేకు కొట్టేముందు ఆ మూత తీసి చూస్తారు.